సేబర్ ప్లగిన్ రివ్యూ: శూలం వెలిగింది, మొహం మీద వెలుతురు పడలేదు

వీడియో ఎఫెక్ట్స్ చేసే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కోసం వీడియో కోపైలట్ వాళ్లు 2016లో ఫ్రీగా ఇచ్చిన, మెరిసే వెలుగు గీతలు గీసే ప్లగిన్ (అదనపు టూల్) సేబర్. దీని మీద నేను చూసిన వీడియోల్లో ఎక్కువ భాగం నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఒక పేరు మెరిపించి అక్కడితో ఆగిపోతాయి. మనం షూట్ చేసిన ఫుటేజ్‌లో, మనిషి చేతిలో అది నిలబడుతుందా అన్నది నాకు కావాల్సిన విషయం. ఒక షార్ట్ ఫిల్మ్ మొత్తం దీంతోనే చేశాను కాబట్టి చెప్పగలను.

మా కథలో రాత్రిపూట మామిడి తోటలో ఒక కుర్రాడికి శూలం దొరుకుతుంది, పట్టుకోగానే నీలంగా వెలుగుతుంది. షూటింగ్‌లో మామూలు కర్ర శూలమే ఇచ్చాం, మిగతాది కంప్యూటర్‌లో చూసుకుందాం అనుకున్నాం.

ముందు బాగున్న సంగతి. పెన్ టూల్‌తో శూలం ఆకారంలో మాస్క్‌లు (ఎఫెక్ట్ ఎక్కడ పడాలో చెప్పే గీతలు) గీసి, కోర్ (వెలుగు మధ్య గీత) టైప్‌ని లేయర్ మాస్క్స్‌కి మార్చగానే మూడు మొనలూ వెలిగాయి. స్టార్ట్ ఆఫ్‌సెట్, ఎండ్ ఆఫ్‌సెట్‌లకి కీఫ్రేములు (ఏ క్షణానికి ఎంత విలువో చెప్పే గుర్తులు) పెడితే వెలుగు పిడి నుంచి మొనల దాకా పాకుతుంది, ఆ షాట్ చూసినప్పుడు నిజంగా ఒళ్లు పులకరించింది. మధ్యలో తెల్లగా, అంచుల్లో రంగుగా రావడం దీని అసలు బలం, ఎందుకంటే కెమెరా కూడా బాగా కాంతిగా ఉన్నదాన్ని తెల్లగానే చూస్తుంది, రంగు చుట్టుపక్కలే తెలుస్తుంది. మొదట్లో చుట్టూ నలుపు కనిపిస్తే కంగారు పడకండి, రెండర్ సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌పరెంట్ పెట్టుకోవచ్చు, లేదా లేయర్‌ని యాడ్ మోడ్‌లో (కింది చిత్రానికి వెలుగు మాత్రమే కలిపే పద్ధతి) వేయొచ్చు.

ఇంత చేసి మా కెమెరామన్‌కి చూపిస్తే, "శూలం మెరుస్తోందన్నా, కానీ వాడి చేతిలో లేదు" అన్నాడు. అంత కాంతి పక్కనే ఉన్నా కుర్రాడి మొహం చీకట్లోనే ఉంది మరి. సేబర్ వెలుగుని గీస్తుంది, ఆ వెలుతురుని మనుషుల మీద వేయదు. అది దాని పని కాదు, మన పని.

నేను మొదట మొహం మీద నీలం సాలిడ్ (ఒకే రంగు పొర) వేసి, కింది చిత్రాన్ని వెలిగించే స్క్రీన్ మోడ్‌లో పెట్టాను, పొగ కమ్మినట్టు వచ్చింది. నల్లటి జుట్టు నల్లగానే ఉండాలి, నుదుటి మీద చెమట మెరవాలి, అది కర్వ్స్‌తోనే (కాంతినీ రంగునీ సర్దే ఎఫెక్ట్) కుదిరింది. శూలం వైపున్న చెంపకి మెత్తటి అంచుల మాస్క్ గీసి అక్కడ నీలాన్ని పెంచాను, దూరం వెళ్లేకొద్దీ తగ్గించాను. దూరం పెరిగేకొద్దీ వెలుతురు పడిపోతుంది, అంటే పిడికిలి మీద ఉన్నంత కాంతి భుజం మీద ఉండకూడదు. సేబర్‌లో ఫ్లికర్ (మినుకుమనే ఆప్షన్) ఉంది గానీ దాన్ని ఆపేశాను. ఒకే స్లైడర్‌కి విగుల్ ఎక్స్‌ప్రెషన్ (విలువని అటూ ఇటూ ఊపే చిన్న కోడ్) రాసి, గ్లో ఇంటెన్సిటీనీ మొహం మీది కర్వ్స్ లేయర్ ఓపాసిటీనీ దానికే కట్టాను. శూలం మినుకుమన్నప్పుడే చెంప కూడా మినుకుమంటే కన్ను నమ్ముతుంది.

వేళ్ల దగ్గర ఇంకో తప్పు చేశాను. వేళ్లకి రోటో చేసి (ఫ్రేము ఫ్రేముకీ అంచు గీసి), గ్లోతో సహా అంతా అంచు దాకా కోసేస్తే కాగితం అతికించినట్టు కనిపించింది. మధ్యనున్న తెల్లటి కోర్ మాత్రం వేళ్ల వెనక్కి పోవాలి, గ్లో కాస్త వేళ్ల మీదకి పొర్లాలి.

8 బిట్‌లో (రంగుల మెట్లు తక్కువ) చీకటి ఆకాశం మీద గ్లో చారలు చారలుగా విడిపోయింది. ప్రాజెక్ట్‌ని 32 బిట్‌కి మార్చి, పైన ఫుటేజ్‌లో ఉన్నంత గ్రెయిన్ (సన్నటి చుక్కలు) వేస్తే పోయింది. రెండర్ మాత్రం బాగా నెమ్మదిస్తుంది.

దూరపు షాట్లు ఇలా గట్టెక్కాయి. క్లోజప్‌లు గట్టెక్కలేదు, చీకట్లో తీసిన మొహం కాంతిని పెంచితే అంతా నాయిస్ (గరుకు చుక్కలు). మళ్లీ తోటకి వెళ్లి, కర్ర బదులు నీలం రంగు పెట్టిన ఎల్‌ఈడీ ట్యూబ్ చేతికిచ్చి తీశాం. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయండి, లేకపోతే కెమెరా ఆ నీలాన్ని సరిదిద్దేస్తుంది. చవక ట్యూబ్‌ల కాంతి తగ్గిస్తే కెమెరాలో గీతలు రావచ్చు, ముందు ఒక టెస్ట్ షాట్ తీసి చూసుకోండి. తర్వాత ట్యూబ్ కనిపించకుండా సేబర్ కోర్‌ని దానికంటే కాస్త లావుగా పెట్టాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను సేబర్‌నే చెప్తాను, డబ్బు పెట్టి వేరే గ్లో ప్లగిన్ కొనేముందు ఆ డబ్బుతో ఒక ట్యూబ్ లైట్ కొనుక్కోండి. రెండోసారి తీసిన క్లోజప్‌లో కుర్రాడి కంటి నల్లగుడ్డులో సన్నటి నీలం గీత పడింది, దాన్ని నేను ఏ ప్లగిన్‌తోనూ ముట్టుకోలేదు.