పెన్షన్ ప్లాన్లు కలిశాక బయటికొచ్చే యజమానికి ఏది మేలు: ప్రిజంప్టివా, రోలింగ్-5నా?

అమెరికాలో యూనియన్ ఒప్పందం ఉన్న వ్యాపారాలు నడిపేవాళ్లు, కొనబోయేవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: "మా మల్టీఎంప్లాయర్ ప్లాన్‌ను (చాలామంది యజమానులు కలిసి చందా కట్టే పెన్షన్ ప్లాన్‌ను) ఇంకోదానితో కలిపేశారు. మాకు లోటు (ఇవ్వాల్సిన పెన్షన్లకు చాలని సొమ్ము) లేదు, వాళ్లకు బోలెడుంది. రేపు మేం బయటికొస్తే వాళ్ల లోటు మా మెడకు చుట్టుకుంటుందా?"

చుట్టుకుంటుంది. ప్లాన్ వదిలి వెళ్లే యజమాని లోటులో తన వాటా కట్టాలి. ఎంత త్వరగా అన్నది మాత్రం ఆ లోటును యజమానులకు పంచడానికి ప్లాన్ వాడే పద్ధతిని (ప్రిజంప్టివ్, రోలింగ్-5 వంటివాటిని) బట్టి ఉంటుంది. ఆ పద్ధతిని ఎంచుకునేది ప్లాన్‌ను నడిపే ట్రస్టీలు, మీరు కాదు. నిర్మాణ రంగం ప్లాన్లకైతే ప్రిజంప్టివ్ తప్పనిసరి.

విలీనం తర్వాత మొదలయ్యే తొలి పూర్తి ప్లాన్ ఏడాదే కీలకం. అది ముగిసేనాటికి ఉన్న లోటులో ఏ పాత ప్లాన్ వాటా ఆ ప్లాన్ యజమానులకే రాస్తారు. ఇక్కడిదాకా రెండు పద్ధతులూ ఒకటే. ఆ పాత పద్దును ప్రిజంప్టివ్‌లో ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్లలో, రోలింగ్-5లో ఐదేళ్లలోనే కొట్టేస్తారు. కొట్టేసినంత మాత్రాన లోటు పోదు. అది కొత్త పద్దులోకి వచ్చి, ఐదేళ్ల చందాల నిష్పత్తిలో అందరి మీదా పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. మీ పాత ప్లాన్ లోటు సున్నా, అవతలిది 5 కోట్ల డాలర్లు, మొత్తం చందాల్లో మీ వాటా 2 శాతం, లోటు పెరగలేదు, తగ్గలేదు అనుకోండి. మూడేళ్లకు రోలింగ్-5లో 3 కోట్లు కొత్త పద్దులోకి వస్తాయి, మీ వాటా 6 లక్షలు. ప్రిజంప్టివ్‌లో వచ్చేది 75 లక్షలే, మీ వాటా లక్షన్నర. ఐదేళ్లకు 10 లక్షలు ఒకవైపు, రెండున్నర లక్షలు ఇంకోవైపు. రెండో ఏడాది చివరికే ప్రిజంప్టివ్‌లో బయటపడితే వాటా లక్ష. చిన్న వాటాలకు చట్టం ఇచ్చే తగ్గింపు (డి మినిమిస్) 50 వేలు పోను మిగిలేది 50 వేలే. వాటా లక్షన్నరకు చేరితే ఆ తగ్గింపు పూర్తిగా పోతుంది.

అందుకే లోటులేని ప్లాన్ నుంచి వచ్చినవాళ్లకు ప్రిజంప్టివే మేలు. తాము చేయని బాకీని ఐదేళ్లలో నెత్తిన వేయడం నా దృష్టిలో న్యాయం కాదు. లోటున్న ప్లాన్ నుంచి వచ్చినవాళ్లకు లెక్క తిరగబడుతుంది: రోలింగ్-5లో ఐదేళ్లు ఓపిక పడితే బరువు అందరికీ పంచుకుపోతుంది.

ప్రిజంప్టివ్‌తో చిక్కు రికార్డులది. పాత ప్లాన్ల చందాల వివరాలు ఏడాదివారీగా ఉండాలి. ప్లాన్ ఆఫీసు మారినప్పుడు అవి చెదిరిపోతే వాటా తప్పుగా తేలుతుంది. మీ కాపీలు మీరు దాచుకోండి.

మాడిఫైడ్ ప్రిజంప్టివ్‌లో పాత పద్దు 15 ఏళ్లలో పోతుంది, అంటే మధ్యరకం. ఏ యజమాని ఉద్యోగుల లోటును ఆ యజమానికే రాసే డైరెక్ట్ అట్రిబ్యూషన్ అరుదు.

ఒక్క సంగతి మరవద్దు. బయటికొచ్చాక ఆ వాటా తీర్చడానికి ఏటా కట్టే కిస్తీకి పద్ధతితో పనిలేదు. గత పదేళ్లలోని అత్యధిక చందా రేటును, వరుసగా మూడేళ్ల అత్యధిక సగటు పని పరిమాణంతో (చందా లెక్కకట్టే పని గంటల్లాంటి కొలతతో) గుణిస్తే వచ్చేదే కిస్తీ. పద్ధతి మార్చేది ఎన్నేళ్లు కట్టాలన్నదాన్నే, అదీ 20 ఏళ్ల పరిమితిలోపు. అందరూ కలిసి వైదొలిగే మాస్ విత్‌డ్రాయల్‌లో ఆ పరిమితీ ఉండదు.

బయటికి రావాలనుకుంటే ముందు రాతపూర్వకంగా అంచనా అడగండి. 12 నెలలకోసారి అడిగే హక్కుంది, ప్లాన్ 180 రోజుల్లో ఇవ్వాలి. బయటికొచ్చాక వాటా కట్టమంటూ ప్లాన్ పంపే డిమాండ్ నోటీసు వచ్చాక సమీక్ష కోరడానికి 90 రోజులే గడువు. వివాదం నడుస్తున్నా కిస్తీలు ఆపకూడదు.