మిద్దె మీద నల్లకలువ: కొన్నేళ్లు పెంచాక నా మాట

కలువ పెంచాలనుకునే వాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: పొద్దున పది గంటలకు మీరు ఇంట్లో ఉంటారా? నల్లకలువ ఎనిమిది దాటాక నెమ్మదిగా విచ్చుకుంటుంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక ముడుచుకోవడం మొదలుపెడుతుంది. పద్యాల్లో కలువలు చంద్రుడి కోసం ఎదురుచూస్తాయి గానీ, ఆ వరస ఎర్రకలువకీ తెల్లకలువకీ సరిపోతుంది. ఇది మాత్రం ఎండ పొడ తగిలితేనే విచ్చుకునే రకం. ఎనిమిదింటికి బండెక్కి ఆఫీసుకు పోయే వాళ్లకు ఇది ఆదివారం పువ్వు.

నా మొక్క వరంగల్ వైపు మా ఊరి నుంచి హైదరాబాద్ వచ్చింది. చెరువులో గట్టు పక్కన ఇవి బోలెడు ఉండేవి, ఇప్పుడు అక్కడ సగానికి పైగా గుర్రపుడెక్క కమ్మేసింది. తెలిసిన రైతు ఒకాయన తన పొలం పక్క కుంటలోంచి బురదతో సహా గడ్డలు తీసిచ్చాడు. శాస్త్రీయ నామం నింఫియా నౌచాలి, శ్రీలంకకు జాతీయ పుష్పం ఇదే. పువ్వు లేత నీలం, మధ్యలో పసుపు. హైబ్రిడ్ కలువ పక్కన ఉంచి చూస్తే చిన్నగానే కనిపిస్తుంది, ఆ మాట ముందే చెప్పేయాలి.

టబ్బు కొనేముందు మిద్దె గురించి ఆలోచించండి. రెండు వందల లీటర్ల టబ్బంటే నీళ్లే రెండు వందల కిలోలు, పైన మట్టి. స్లాబు మధ్యలో కాకుండా కింద గోడో బీమో ఉన్నచోట పెట్టించాను. కలువను నేరుగా టబ్బులో నాటలేదు. అడుగున రంధ్రం లేని వెడల్పాటి బేసిన్‌లో నాటి, ఆ బేసిన్‌ను టబ్బులో దించాను. దీనివల్ల మొక్కను పైకి తీయడం, మట్టి మార్చడం ఒక్కరి చేతి మీద అయిపోతాయి. మట్టి దగ్గర మాత్రం కుండీ మొక్కల అలవాట్లు పక్కన పెట్టాలి. కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపిన మిశ్రమం నీళ్లలో పెట్టగానే సగం తేలిపోతుంది, మిగతాది కుళ్లి వాసనొస్తుంది. బరువైన నల్లమట్టి లేదా చెరువు ఒండ్రు చాలు. అడుగున బాగా మాగిన పశువుల ఎరువు రెండు గుప్పెళ్లు, పైన మట్టి, ఆ పైన చేపలు కెలకకుండా అంగుళం మందాన ఇసుక. గడ్డ మొన మాత్రం ఇసుకలో పూడిపోకూడదు. మొదట మొన మీద నాలుగైదు అంగుళాల నీళ్లు ఉంచి, ఆకులు వచ్చేకొద్దీ అడుగు దాకా పెంచుకోవచ్చు. నీళ్లు పెంచిన రెండు మూడు రోజుల్లో కాడలు సాగి ఆకులు మళ్లీ పైకి తేలతాయి. రోజుకు ఐదారు గంటల ఎండ లేకపోతే ఆకులే తప్ప పువ్వు రాదు.

ఒక్కో పువ్వు మూడు నాలుగు రోజులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. మొదటి రోజు పువ్వును దగ్గరగా వంగి చూడండి. కేసరాలు విడివిడిగా నిలబడి ఉంటాయి, మధ్యలో గిన్నెలాంటి గుంటలో తేటగా ఒక ద్రవం ఊరి ఉంటుంది. వేరే పువ్వు పుప్పొడి మోసుకొచ్చిన చిన్న తేనెటీగ కేసరాల మీద కాలు జారి అందులో పడుతుంది, ఒంటి మీది పుప్పొడి అక్కడ కడిగేసుకుపోతుంది. కొన్ని ఎలాగో బయటపడతాయి, కొన్ని అందులోనే చచ్చిపోతాయి. రెండో రోజుకు ఆ ద్రవం ఉండదు, కేసరాలు లోపలికి వంగి గుంటను కప్పేస్తాయి, పుప్పొడి రాలడం అప్పుడే మొదలవుతుంది. పూత అయిపోయాక కాయ నీళ్లలోకి దిగిపోయి అక్కడే పండుతుంది. పగిలినప్పుడు జిగురు పట్టిన గింజలు నానిన సబ్జా గింజల్లా పైకి తేలి, కాసేపటికి అడుక్కు చేరతాయి. హైబ్రిడ్లలో చాలావాటికి గింజ పట్టదు కాబట్టి ఈ వేడుక వాటిలో చూడలేరు.

పురుగుల్లో పేనుబంక ఎక్కువ విసిగిస్తుంది, మబ్బు పట్టిన రోజుల్లో మరీను. చేపలున్న నీళ్లలో మందు కొట్టలేం. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కిందికి రాలిస్తే చేపలే తినేస్తాయి. ఆకు ముక్కలు గుండ్రంగా కత్తిరించుకుని వాటి మధ్య దాక్కునే గొంగళి పురుగు ఇంకొకటి. దాన్ని చేత్తో ఏరాల్సిందే, వేరే దారి లేదు. దోమల సంగతి ఇంట్లో అందరూ అడుగుతారు. నాలుగు గప్పీలు వేస్తే చాలు, అవే పెరిగిపోతాయి, లార్వా అన్నది కనిపించదు. ఎక్కువైన గప్పీలను చెరువులో మాత్రం వదలొద్దు, అవి మన నీళ్ల చేపలు కావు. నల్లా నీళ్లు పోసేటప్పుడు బకెట్‌లో ఒక రోజు నిలవుంచి పోస్తే క్లోరిన్‌తో చేపలకు ఇబ్బంది ఉండదు.

ఎరువు విషయంలో పొదుపుగా ఉండండి. పూత కాలంలో నెలకోసారి అర చెంచా డీఏపీ కాగితంలో చుట్టి మట్టి లోపలికి గుచ్చితే సరిపోతుంది. ఎక్కువైతే ఆ మేలంతా పాచికే పోతుంది, నీళ్లు పచ్చగా మారతాయి.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెప్తాను. ఇది ఏడాది పొడుగునా పూయదు. మృగశిర వానలతో ఆకులు వేసి, వినాయక చవితి నాటికి జోరందుకుని, కార్తీకం దాటాక తగ్గుతుంది. సంక్రాంతి చలికి ఆకులు చిన్నబోతాయి. ఎండాకాలంలో నీళ్లు కాచినట్టు వేడెక్కి ఆకు అంచులు మాడిపోతాయి. ఆ నెలల్లో బేసిన్ బయటికి తీసి, నీడలో పెట్టి, మట్టి తడారకుండా చూస్తే గడ్డ పడుకుంటుంది. చెరువు ఎండినప్పుడు బురదలో అది చేసే పనే ఇది. ఖాళీ టబ్బు చూసి "చచ్చిపోయిందా అంకుల్?" అని కింది వాటా పిల్లలు ప్రతి మే నెలలో అడుగుతారు. ఏడాదంతా పువ్వు కావాలంటే మొహమాటం లేకుండా హైబ్రిడ్ కొనుక్కోండి, అవి నిజంగానే బాగా పూస్తాయి.

ఆన్‌లైన్‌లో "నీలి తామర విత్తనాలు" అని అమ్మేవాటికి మాత్రం డబ్బులు పెట్టకండి. తామరలో నీలం రంగే లేదు. మన తామర గులాబీ, తెలుపు. అమెరికా తామర పసుపు. ఆ బొమ్మల్లో నీలం కంప్యూటర్‌లో వేసిందే.

ఆఫీసుకు పోయేవాళ్లు ఎర్రకలువ పెంచుకోవచ్చు. చీకటి పడ్డాక విచ్చుకుని మర్నాడు పొద్దున తొమ్మిది, పది దాకా ఉంటుంది కాబట్టి రెండు పూటలా కనిపిస్తుంది. మట్టి, ఎరువు, చేపలు అన్నీ ఇలాగే. ఆకులు మాత్రం బాగా పెద్దవి, టబ్బు నోరు కనీసం మూడడుగులు లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి.