పైథాన్ ఛాలెంజ్: నాలుగో లెవెల్ కోసమైనా ఆడొచ్చు

హింట్ నొక్కగానే ఒక యాడ్, అది అయిపోయాక సగం జవాబు, మిగతా సగానికి ఇంకో యాడ్. ఫోన్‌లో పజిల్ గేములంటే విరక్తి పుట్టింది ఇందుకే, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసి పజిళ్లు విప్పే పైథాన్ ఛాలెంజ్ అనే 2005 నాటి ఈ పాత సైటు ఇంకా నా బుక్‌మార్కుల్లో ఉన్నదీ ఇందుకే. ఇందులో హింట్ బటన్ లేదు, టైమర్ లేదు, జవాబు రాయడానికి కనీసం ఒక డబ్బా కూడా లేదు. మనకు తట్టిన జవాబే తర్వాతి పేజీ అడ్రస్. పైన అడ్రస్ బార్‌లో ఆ ఒక్క ముక్క మార్చి ఎంటర్ కొట్టాలి, తప్పయితే పేజీ రాదు, అంతే. ఇంట్లో పెద్దవాళ్లు పొడుపుకథ వేసి గమ్మున కూర్చున్నట్టు ఉంటుంది.

మొదటి పేజీలో కంప్యూటర్ బొమ్మ, తెర మీద 2, దాని నెత్తి మీద చిన్నగా 38. రెండును 38 సార్లు వేసి గుణిస్తే 274877906944, అది అడ్రస్‌లో పెట్టాలి. ఇంతవరకు చెప్తే ఆట చెడదు. కానీ నాలుగో లెవెల్ (సున్నా నుంచి లెక్క) గురించి చెప్పకుండా ఈ సమీక్ష రాయలేను, సొంతంగా విప్పుకుందాం అనుకునేవాళ్లు కింద రెండు పేరాలు వదిలేయండి.

బొమ్మ మీద నొక్కితే తెల్లటి పేజీ, ఒక్క లైను: తర్వాతిది 44827. ఆ అంకె అడ్రస్‌లో పెడితే ఇంకో అంకె వస్తుంది, అది పెడితే ఇంకోటి. బొమ్మ ఉన్న పేజీ సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, తెరిచి చూస్తే (కంట్రోల్, యూ కలిపి నొక్కండి) అక్కడ దాచిపెట్టిన మాట ఉంది, 400 సార్లు చాలా ఎక్కువే అని. అంటే చేత్తో అయ్యే పని కాదు. సెలవులకి హన్మకొండ వచ్చిన మా చెల్లె కూర్చుని చిన్న ప్రోగ్రామ్ రాసింది: పేజీ తెచ్చుకో, అంకె ఏరుకో, మళ్లీ పో. ఆ రాత్రి కరెంటు లేదు, వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీద అంకెలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. కాసేపటికి ఎర్ర అక్షరాలతో ఆగిపోయింది. "నెట్ పోయింది అక్కా" అని మళ్లీ మొదటి నుంచి నడిపింది. మళ్లీ ఆగింది, అదే చోట, 16044 దగ్గర. నెట్ పోతే ఎక్కడంటే అక్కడ ఆగాలి గానీ రెండుసార్లూ ఒకే అంకె మీద ఎందుకు ఆగుతుంది? "అంకె ఒక్కటే కాదే, ఆ పేజీల ఉన్నదంతా చూపెట్టుమను" అన్నాను. చూస్తే అక్కడ అంకే లేదు. సగం చేసి ముందుకు పో అని రాసి ఉంది. 16044లో సగం 8022.

అక్కడి నుంచి మళ్లీ పరుగు. ఇంకొంత దూరం పోయాక ఒక పేజీ వచ్చింది, ఇక్కడ తప్పుదారి పట్టించే అంకెలు ఉండొచ్చు, ఉదాహరణకి 82683 అని ముందే చెప్పి, అసలు అంకె ఆ తర్వాత ఇచ్చింది. మా ప్రోగ్రామ్‌కి లైన్లో మొదట కనపడిన అంకెను పట్టుకోవడమే తెలుసు, పోయి 82683లో పడింది. ఆ పేజీ ఏమంటుందంటే, నిన్ను దారి తప్పించారు, వెనక్కి పోయి చూసుకో అని! "మోసం అక్కా ఇది, పక్కా మోసం" అని చెల్లె ల్యాప్‌టాప్ మూసేసి, మళ్లీ తనే తెరిచింది. చీకట్లో మా నవ్వులకి అమ్మ లేచి వచ్చి, పండుకోరా ఏంది అని తిట్టి పోయింది. బద్ధకంగా రాసిన ప్రోగ్రామ్ ఎక్కడ చూస్తుందో ఇది తయారుచేసినాయనకి ముందే తెలుసు, అదే నాకు భలే నచ్చింది. ఇప్పుడు ఏ రిడిల్ గేమ్ ఆడినా అదే పద్ధతి: ఆగిన చోటు రెండుసార్లు ఒకటే అయితే అది ఇబ్బంది కాదు, ఆధారం. అక్కడున్న మాట మొత్తం చదవాలి, ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టాలి, మొదటికి పోవద్దు.

హింట్ బటన్ లేదని పొగిడాను గానీ, దాచిపెట్టి ఇచ్చే సూచనలు పాత వెర్షన్ పైథాన్ 2 కాలం నాటివి. ఒకటో లెవెల్లో అక్షరాలు మార్చడానికి వాడమని చెప్పే మేక్‌ట్రాన్స్ ఇప్పుడు పైథాన్ 3లో అదే చోట లేదు, స్ట్రింగ్ మాడ్యూల్ (రెడీమేడ్ కోడ్ కట్ట) నుంచి ఎస్‌టీఆర్‌కి మారింది. నాలుగో లెవెల్లో చెప్పే యూఆర్ఎల్‌లిబ్ కూడా ముక్కలైంది, పేజీ తెరిచే పని ఇప్పుడు దాని రిక్వెస్ట్ మాడ్యూల్ది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తమ ఆలోచనే తప్పేమో అని బుర్ర బద్దలు కొట్టుకుంటారు, నిజానికి మారింది పనిముట్టు. లెవెల్ దాటాక అడ్రస్‌లో పీసీ అని ఉన్నచోట పీసీసీ అని పెడితే వేరేవాళ్లు ఎలా విప్పారో కనిపిస్తుంది. మంచి సదుపాయమే, కానీ అక్కడ కూడా పాత పైథాన్ కోడ్ చాలా ఉంది, కాపీ కొట్టి నడిపిస్తే ఎర్రర్లు వస్తాయి.

ప్రోగ్రామింగ్ రాకపోతే అసలు కుదరదా అంటే, కొన్నిచోట్ల ఆలోచన వరకు కుదురుతుంది. పదో లెవెల్లో 1, 11, 21, 1211, 111221 అని వరుస ఇచ్చి 31వ దాని పొడవు అడుగుతుంది. మేము తీసివేతలు, హెచ్చవేతలు చేస్తూ కూర్చుంటే బాపు కాగితం తీసుకుని నోటితో చదివాడు: ఒక ఒకటి, రెండు ఒకట్లు, ఒక రెండు ఒక ఒకటి. అంతే, వరుస విడిపోయింది. 31వ దాకా పోవడానికి మాత్రం ప్రోగ్రామ్ కావాల్సిందే.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకి నేను చెప్పను, పేజీ సోర్స్ చూడటమే పెద్ద తలనొప్పి అవుతుంది. సగం దాటాక బొమ్మల్లో పిక్సెళ్లు, ఆడియో ఫైళ్లు తిప్పే పని ఎక్కువై నా స్పీడ్ బాగా పడిపోయింది, ఇంకా పూర్తి కాలేదు, ఆఫీసు అయ్యాక మిగిలే టైంలో నాకు తొందర కూడా లేదు. ప్లేస్‌మెంట్‌కి పనికొస్తుందా అని నయీంనగర్ హాస్టల్లో ఉండే చెల్లె ఫ్రెండ్స్ అడిగారు. కోచింగ్ టెస్టులకి టైం చాలక టెన్షన్ పడేవాళ్లయితే ఇప్పుడు ముట్టుకోకండి, పరీక్షలు అయ్యాక చూసుకోవచ్చు. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) రాయడం వచ్చి, ల్యాప్‌టాప్ ఉండి, సాయంత్రాలు ఖాళీ ఉంటే నాలుగో లెవెల్ దాకా పోయి చూడండి, అక్కడ నచ్చకపోతే ముందుది కూడా నచ్చదు.