పెన్‌డ్రైవ్ చెరిపేశారు, చెరిపినందుకు 150 తీసుకున్నారు: తిరుపతివాళ్లూ జాగ్రత్త

షాపు పేరు రాయను. రాయాలని చెయ్యి దురదగానే ఉంది, మా ఆవిడ వద్దంది. ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని తిరుపతిలో తిరిగినవాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది లెండి. అద్దాల తలుపు, లోపల ఏసీ, వెంకన్న పటం ముందు ఎప్పుడూ వెలిగే ఎర్ర బల్బు, వెళ్లగానే "రాండి సార్, కూర్చోండి" అనే మర్యాద. మూడేళ్లుగా వెళ్తున్నా. కీబోర్డు అక్కడే మార్పించా, చార్జర్ అక్కడే కొన్నా. "నమ్మకమైన చోటు" అని మా ఆఫీసులో ఇద్దరిని నేనే పంపించా. వాళ్లిద్దరూ ఇది చదువుతుంటే నన్ను క్షమించండి.

విషయం ఇది. 2019లో కొన్న ల్యాప్‌టాప్, విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసింది కదా, అప్పటి నుంచి తెరిస్తే చాలు ఏదో ఒక హెచ్చరిక. దానికి తోడు నత్త నడక. ఫోన్ చేసి అడిగితే, "విండోస్ 11 ఫ్రెష్‌గా ఏసేద్దాం సార్, అంతా ఫార్మాట్ అయిపోతాది, కావాల్సినవి ఏమన్నా ఉంటే కాపీ జేసి పెట్టుకోండి" అన్నారు. కాపీ చేసుకోమని చెప్పింది వాళ్లే, ఇది గుర్తుంచుకోండి.

నేను కూడా బుద్ధిమంతుడిలా మొన్న రాత్రి రెండింటి దాకా కూర్చుని 128 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మొత్తం ఎక్కించా. దానికి "పాప" అని పేరు కూడా పెట్టా, ఎందుకంటే అందులో ముప్పావు వంతు అమ్మాయి ఫొటోలే. కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించిన రోజు గుండుకు చందనం రాసుకుని మాడ వీధిలో ఏడుస్తున్న ఫొటోలు. మా అవ్వ వీడియో ఒకటి, 41 సెకన్లు. అలిపిరి నుంచి నడిచెళ్తుంటే మోకాళ్ల పర్వతం దగ్గర మెట్టు మీద కూలబడి, "ఆ ఫోను లోపల పెట్టి నడువురా నాయనా, నేను నీకన్నా ముందే పోతా" అని నన్ను తిడుతుంది. 3,550 మెట్లూ ఎక్కింది ఆ రోజు, 71 ఏళ్లకు. ఆ తర్వాతి ఏడాది పోయింది. అవ్వ గొంతు మా దగ్గర ఉన్నది ఆ ఒక్క వీడియోలోనే.

ఫోన్‌లో లేవా అంటారు. ఫోన్ నిండిపోతే ల్యాప్‌టాప్‌లోకి మార్చి ఫోన్‌లో చెరిపేశా. గూగుల్ ఇచ్చే ఉచిత 15 జీబీ ఎప్పుడో నిండిపోయింది, నెలకు డబ్బు కట్టాలా అని పిసినారితనం చేశా. అంటే ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, రెండు కాపీలు ఉన్నాయి కదా అని ధైర్యం. ఆ ల్యాప్‌టాప్‌ని ఫార్మాట్‌కి తీసుకెళ్తూ ఆ పెన్‌డ్రైవ్‌ని అదే బ్యాగులో, పక్క జిప్పులో వేసుకుని పోయిన మహానుభావుణ్ణి నేనే. తీసి బీరువాలో పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? పద్దెనిమిదేళ్లుగా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకుంటున్నా. సరే, నా సంగతి తర్వాత తిట్టుకుంటా.

నిన్న సాయంత్రం బ్యాగు ఇచ్చి, "గంట పడుతుంది సార్" అంటే టీ తాగి, పాప బూట్లకు సోల్ వేయించుకుని వచ్చా. నలభై నిమిషాలకే తిరిగొచ్చా. ల్యాప్‌టాప్ తెర మీద నీలం రంగు, 64 శాతం. పక్కన యూఎస్‌బీ దూరే చోట ఒక పెన్‌డ్రైవ్, దాని లైటు టపటపా కొట్టుకుంటోంది. దానికి ఎర్ర దారం కట్టి ఉంది. ఆ దారం నేను కట్టిందే. అయినా బుర్రకు ఎక్కడానికి కొంచెం టైమ్ పట్టింది, మన పిల్లను వేరేవాళ్ల చంకలో చూసినట్టు.

"అది నాదే కదా?" అన్నా.

"అవున్సార్, మా బూటబుల్ పెన్‌డ్రైవ్ ఎవురో తీస్కపోయినారు. మీ బ్యాగు జిప్పులో ఇది ఉండె. దీంట్లోనే జేసేసినా" అన్నాడు కుర్రాడు. నాకేదో ఉపకారం చేసినట్టు, నవ్వుతూ. బూటబుల్ అంటే విండోస్ ఎక్కించడానికి తయారుచేసిన పెన్‌డ్రైవ్.

"అందులో నా డేటా ఉందయ్యా."

నవ్వు ఆగింది. "బూటబుల్ జేస్తే అది పోతాది గద సార్?" అని నన్నే అడిగాడు!

అప్పుడు లోపల కూర్చున్న ఓనర్, ఫోన్‌లోంచి తలెత్తకుండా, అదే గొంతుతో "రాండి, కూర్చోండి" అనే మనిషే, ఏమన్నాడో మాటకు మాట రాస్తున్నా: "ఏం సార్, ఇంత చదువుకున్నోళ్లు, బూటబుల్ జేస్తే ఫార్మాట్ అవుతాదని గూడా తెల్దా మీకు?"

తెలుసయ్యా. తెలుసు కాబట్టే ఆ పెన్‌డ్రైవ్ నీ చేతికి ఇవ్వలేదు. జిప్పు తీసింది నువ్వు.

ఈ జవాబు నాకు అక్కడ తట్టలేదు. కపిలతీర్థం దాటాక బండి మీద తట్టింది. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. పక్కన ప్రింటర్ బాగు చేయించుకోడానికి వచ్చినాయన నా వైపు జాలిగా చూశాడు, ఆ చూపు ఇంకా గుచ్చుకుంటోంది. "అందులో డేటా ఉందని మీరు ముందే చెప్పాల కదా సార్" అని ఓనర్ ఇంకో మాట వేశాడు. గోడకు ఒక బోర్డు చూపించాడు కూడా, "మీ డేటాకు మేము బాధ్యులం కాము" అని. అది మానిటర్ వెనకాల ఉంది. వంగి చూస్తే కనిపిస్తుంది.

ఇక చీటీ. తెల్ల కాగితం మీద బాల్‌పెన్నుతో: ఓఎస్ (అంటే విండోస్ వేసినందుకు) 700, బూటబుల్ 150. నూట యాభై దేనికంటే, "పెన్‌డ్రైవ్ మీదే గాబట్టి అంతే ఏసినా సార్, మాదైతే 500 అయ్యేది." మొత్తం 850 స్కాన్ చేసి కట్టా. కట్టేసి, అలవాటుగా "థాంక్సండీ" అని కూడా చెప్పొచ్చా. నన్ను ఏ చెప్పుతో కొట్టాలో మీరే చెప్పండి.

రాత్రి నిద్ర పడితే కదా. అసలు వాడు ఏం చేశాడో చూద్దామని మా బామ్మర్ది ల్యాప్‌టాప్‌లో రూఫస్ అనే బూటబుల్ చేసే సాఫ్ట్‌వేర్ దించా. షాపులవాళ్లు ఎక్కువగా వాడేది అదే, ఉచితం, చిన్న ఫైలు, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. విండోస్ మొత్తాన్ని ఒకే మూటగా కట్టిన ఐఎస్‌ఓ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే కంప్యూటర్ దాన్నుంచి బూట్ అవదు. ఈ సాఫ్ట్‌వేర్ డ్రైవ్‌లోని పార్టిషన్ (ఫైళ్లు ఉండే భాగం) చెరిపి కొత్తగా రాస్తుంది, ఫార్మాట్ చేస్తుంది, ఆ తర్వాతే ఫైళ్లు ఎక్కిస్తుంది. ఇంత వరకు నాకూ తెలుసు. తెలియనిది ఒకటుంది.

ఇంట్లో పడున్న పాత 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసి, దానికీ "పాప" అని పేరు పెట్టి గుచ్చా. రూఫస్ తెరవగానే పైన మొదటి గడిలోనే "పాప" అని, పక్కన సైజుతో సహా కనిపించింది. స్టార్ట్ నొక్కా. వెంటనే ఒక హెచ్చరిక పెట్టె వచ్చింది. ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో. దాని అర్థం ఇది: "పాప అనే ఈ డ్రైవ్‌లో ఉన్న డేటా మొత్తం నాశనమవుతుంది. కొనసాగాలంటే ఓకే నొక్కండి, వద్దంటే క్యాన్సిల్ నొక్కండి."

పేరు పెట్టి అడుగుతుందండీ అది. "పాప" అని పేరు పెట్టి! ఊరూ పేరూ లేని పెన్‌డ్రైవ్ అయితే పొరపాటనుకోవచ్చు. తెర మీద ఒక పాప పేరు చూసి కూడా, దుకాణంలో టీ గ్లాసు పక్కన పెట్టినంత తేలిగ్గా ఓకే నొక్కేశాడు. ఒక్క ఫోన్ కొట్టి ఉంటే చాలు, నేను వీధి చివర టీ కొట్టు దగ్గరే ఉన్నా. బామ్మర్ది "బావా, ఇంక పడుకో" అంటున్నా ఆ పెట్టె వైపే చాలాసేపు చూస్తూ కూర్చున్నా. తర్వాత క్యాన్సిల్ నొక్కా. నేనైతే నొక్కా.

ఇప్పుడు నా అసలు పెన్‌డ్రైవ్ గుచ్చితే "పాప" లేదు. సీసీకోమా అని మొదలై ఏవో అంకెలూ గీతలూ ఉన్న పేరు వస్తోంది. విండోస్ ఐఎస్‌ఓకి మైక్రోసాఫ్ట్ పెట్టుకున్న పేరట అది. కోమా! సరిగ్గానే పెట్టారు.

ల్యాప్‌టాప్ సంగతి ఇంకో కథ. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ (విండోస్‌కి లైసెన్సు సంగతి చెప్పే పేజీ) చూస్తే, "మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా యాక్టివేట్ అయింది" అని ఉంది. ఏ సంస్థండీ? మా ఇంట్లో ఉండేది ముగ్గురం. కొన్నప్పుడు వచ్చిన హోమ్ ఎడిషన్ అసలు లైసెన్సు వదిలేసి, లైసెన్సు ఉన్నట్టు విండోస్‌ని నమ్మించే దొంగ యాక్టివేటర్‌తో ప్రో ఎడిషన్ వేసిచ్చారు. ఆ యాక్టివేటర్‌కి అడ్డం రాకుండా వైరస్‌లను అడ్డుకునే విండోస్ డిఫెండర్‌ని కూడా ఆపేసి పెట్టారు. అడక్కుండా ఇచ్చిన బోనస్ అన్నమాట. ఇంకా పెద్ద జోకు, మా బామ్మర్ది చూసి చెప్పాడు: నాది ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం కూడా ఉంది, విండోస్ 11కి ఇవి కావాలి. అంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ నుంచే 11 ఉచితంగా ఎక్కేది, ఒక్క ఫైలూ పోకుండా. షాపే అవసరం లేదు. పెన్‌డ్రైవే అవసరం లేదు. 850 పెట్టి నా ఇల్లు నేనే తగలబెట్టుకున్నా.

ల్యాప్‌టాప్‌లోంచి ఏమైనా వస్తుందా అంటే లేదు. అందులో ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు చిప్పులతో చేసిన డిస్క్) ఉంది. ఫార్మాట్ చేశాక అది ట్రిమ్ అని ఖాళీ భాగాల్ని తనే శుభ్రం చేసుకుంటుందట, ఇక అక్కడ వెతకడం దండగ. ఆశ అంతా పెన్‌డ్రైవ్ మీదే. విండోస్ ఫైళ్లు ఐదారు జీబీలే కాబట్టి వాటి కింద పడ్డవి పోయినా, మిగతా చోట్ల పాత ఫొటోలు ఇంకా ఉండొచ్చట. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి తెల్లవారుజాము నుంచి వెతికిస్తున్నా. దొరికినవి పెన్‌డ్రైవ్‌లోనే సేవ్ చేయకూడదు, వేరే డిస్క్‌లో వేసుకోవాలి. పాత పేర్లు రావు, ఎఫ్ తర్వాత ఏవో అంకెలు, అంతే. గుండుతో ఏడుస్తున్న పాప ఫొటో ఒకటి పొద్దున్నే వచ్చింది, కింద సగం బూడిద రంగులో. మా ఆవిడ ఆ సగం ఫొటోకే ఏడ్చింది.

షాపుకి పొద్దున మళ్లీ ఫోన్ చేశా. "రికవరీ మేం గూడా జేస్తాం సార్, 3,500 అవుతాది, డిస్కౌంట్ ఇస్తా" అన్నాడు. పెట్టేశా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇవ్వబోతున్నా. ఆ తెల్ల చీటీ తప్ప బిల్లు లేదు, అది కూడా నా తప్పే, అడగలేదు.

మీకు చెప్పాల్సింది చెప్పేస్తా. ల్యాప్‌టాప్ ఒక్కటే ఇవ్వండి, బ్యాగు ఇంట్లో పెట్టండి. పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్, మెమరీ కార్డు ఏవీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఫార్మాట్ అయ్యేంతసేపు అక్కడే కూర్చోండి, టీ తర్వాత తాగొచ్చు. అసలు ముందు విండోస్ అప్‌డేట్‌లో వస్తుందేమో చూసుకోండి. రాకపోతే ఒక ఖాళీ 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలు, మైక్రోసాఫ్ట్ సైటులో బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసే మీడియా క్రియేషన్ టూల్ ఉచితం, అదే అన్నీ అడిగి చేసి పెడుతుంది. వచ్చాక యాక్టివేషన్ పేజీ ఒకసారి చూసుకోండి. పోయినవి పోతే ఆ డ్రైవ్‌లో ఇంకేమీ రాయకండి, తీసి పక్కన పెట్టండి.

ఫొటోరెక్ ఇప్పుడు సగం దాటింది. వీడియోలు పదకొండు దొరికాయి, నాలుగు తెరుచుకుంటున్నాయి. ఒకటి మెట్లతో మొదలైంది, గుండె ఆగినంత పనైంది, చూస్తే పోయినేడు శ్రీకాళహస్తిలో తీసింది. అవ్వ ఇంకా రాలేదు.