కోర్నాస్ సిరా, బరోసా షిరాజ్: ఏది మేలు?

సీసా మీద సిరా అని ఉన్నా, షిరాజ్ అని ఉన్నా లోపలి ద్రాక్ష ఒకటే. అయినా ఫ్రాన్స్‌లోని ఉత్తర రోన్ లోయకు చెందిన కోర్నాస్ వైన్‌నూ, దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయ వైన్‌నూ పక్కపక్కన పోసుకుని రుచి చూస్తే, అవి ఒకే ద్రాక్షవని నమ్మడం కష్టం. నిండైన, చిక్కని ఎర్ర వైన్ల రుచి తెలుసుకోదలచినవారికి ఈ జంట మంచి పాఠం.

మొదటి గుటకకే మెప్పించేది బరోసా షిరాజే. అక్కడి వేసవి వేడిగా, పొడిగా ఉండడం వల్ల పండులో చక్కెర బాగా పడుతుంది; పులిసినప్పుడు ఆ చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది కనుక అది 14 నుంచి 15 శాతం దాకా ఉండడం మామూలే. బ్లాక్‌బెర్రీ, ప్లమ్, చాక్లెట్‌లను తలపించే వాసనలకు, అమెరికన్ ఓక్ పీపాల్లో నిలవ ఉంచినవాటిలోనైతే వెనీలా, కొబ్బరి పరిమళాలు కూడా తోడవుతాయి. వగరు ఉన్నా మెత్తగా ఉంటుంది. ద్రాక్ష వేర్లను నాశనం చేసే ఫిలోక్సెరా పురుగు దక్షిణ ఆస్ట్రేలియాకు చేరలేదు కనుక, 1843లో నాటినవని చెప్పే తీగలు అక్కడ నేటికీ కాస్తున్నాయి.

కోర్నాస్ అంత సులభంగా లొంగదు. నిటారైన గ్రానైట్ కొండవాలుపై మెట్లు మెట్లుగా పెంచే ఆ తోటల్లో చాలా పని చేతులతోనే సాగాలి. సీసాపై ఆ ఊరి పేరు ఉండాలంటే సిరా తప్ప మరో ద్రాక్ష కలపకూడదు. లేత వయసులో దాని వగరు పచ్చి కరక్కాయలా నాలుకను పట్టేస్తుంది. ఎనిమిది పదేళ్లు ఆగితే ఆ వగరు సర్దుకుని, నల్ల ఆలివ్, పొగ, వయొలెట్ పువ్వు, మిరియాల వాసనలు ఒకదాని వెనుక ఒకటి తెలుస్తాయి. మిరియాల వాసనకు కారణమైన రోటండోన్ అనే పదార్థమే ఈ ద్రాక్షలోనూ ఉందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రచురించారు. చల్లని చోట పండిన కాయలో అది ఎక్కువగా ఉంటుంది. ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదు కనుక, పక్కవారికి తోచినది మీకు తోచకపోతే చిన్నబుచ్చుకోనక్కరలేదు.

రెండింటినీ 16 నుంచి 18 డిగ్రీల మధ్య తాగాలి. వేసవిలో మన ఇళ్ల గదులు అంతకు రెట్టింపు వేడిగా ఉంటాయి కనుక సీసాను ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి తీయడం తప్పనిసరి. లేకుంటే ఆల్కహాల్ ముక్కుకు గుచ్చుకుని పండు వాసనను మింగేస్తుంది, ఆ నష్టం బరోసాకే ఎక్కువ.

భోజనం లేకుండా ఒక్క గ్లాసు తాగాలనుకునేవారికి బరోసాయే మేలు. భోజనంతోనైతే నా ఓటు వయసు పండిన కోర్నాస్‌కే, ఎందుకంటే దాని పులుపు మాంసపు కొవ్వును కోసి నోటిని తేలికపరుస్తుంది, బరోసా గాఢత రెండో గ్లాసుకే మొహం మొత్తిస్తుంది. అయితే వగరూ ఆల్కహాలూ మిరపకారం మంటను పెంచుతాయి కనుక గుంటూరు కారంతో చేసిన కూరల పక్కన రెండూ తగవు. మిరియాలు వేసిన మాంసం వేపుడు పక్కన మాత్రం కోర్నాస్ చక్కగా ఇముడుతుంది. దాని ధర భారమనిపిస్తే అదే లోయలోని క్రోజ్ ఎర్మిటాజ్ సిరా సాధారణంగా తక్కువకే దొరుకుతుంది. దాన్ని అన్నేళ్లు దాచనవసరమూ లేదు.