క్లస్టర్ ఫైర్‌వాల్ మీద ఓఎస్‌పీఎఫ్, బీజీపీ: నాలుగేళ్లు వాడాక

గచ్చిబౌలిలో మా ఆఫీసుకి రెండు ఫైర్‌వాల్స్‌తో ఒక క్లస్టర్ ఉంది. ఒకటి యాక్టివ్ (పని చేసేది), ఒకటి స్టాండ్‌బై (అది ఆగితే అందుకునేది). మొదట్లో అన్నీ స్టాటిక్ రూట్లే, అంటే చేత్తో రాసిన దారులే. బ్రాంచీలు పెరిగేకొద్దీ ఒక్కో కొత్త సబ్‌నెట్‌కి ఐదారు చోట్ల రూట్లు రాయాల్సి రావడంతో విసుగొచ్చింది. నాలుగేళ్ల కిందట, రౌటర్లు తమలో తామే దారులు చెప్పుకునే ప్రోటోకాల్స్‌కి మారాం: లోపలి వైపు ఓఎస్‌పీఎఫ్, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల (ఐఎస్‌పీల) వైపు బీజీపీ పెట్టాం. ఇన్నాళ్లు వాడాక నేను చెప్పేది: తప్పకుండా పెట్టుకోండి. కానీ నైబర్ (పక్క రౌటర్) ‘ఫుల్’, అంటే పూర్తిగా కలిసింది, అని కనబడగానే పని అయిపోయిందనుకోకండి. యాక్టివ్ బాక్స్‌ని మీరే దగ్గరుండి ఆపి చూసేదాకా అది సగం పనే.

క్లస్టర్‌లో రెండు బాక్సులూ సెషన్ టేబుల్ (నడుస్తున్న కనెక్షన్ల జాబితా) పంచుకుంటాయి కాబట్టి, ఫెయిలోవర్ (యాక్టివ్ ఆగి స్టాండ్‌బై అందుకోవడం) అయినా యూజర్లకి తెలియదని మేమూ నమ్మాం. రౌటింగ్ సంగతి వేరు. మా మోడల్‌లో స్టాండ్‌బైకి రూట్ల కాపీ మాత్రం అందుతుంది. పక్క రౌటర్లతో మాట్లాడేది యాక్టివ్ ఒక్కటే. స్టాండ్‌బై బాధ్యత తీసుకుని పంపే మొదటి హలోలో (ఓఎస్‌పీఎఫ్ పలకరింపు సందేశంలో) నైబర్ల జాబితా ఖాళీ. అది చూసి కోర్ స్విచ్ (ఆఫీసు నెట్‌వర్క్ మధ్యలోని ప్రధాన స్విచ్) అక్కడికక్కడే అడ్జసెన్సీ (ఓఎస్‌పీఎఫ్ బంధం) తెంచేస్తుంది, మన రూట్లు తీసేస్తుంది. సెషన్లు భద్రంగానే ఉంటాయి, ప్యాకెట్ వెళ్లడానికి దారే ఉండదు.

మొదటి టెస్ట్ ఒక ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకి చేశాం. సెకనుకొకటి వెళ్లే పింగ్‌లో 31 పోయాయి. ఆ అరనిమిషం స్క్రీన్ కదలకుండా ఉంటే పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. చూస్తే రెండు తప్పులు దొరికాయి. రౌటర్ ఐడీ (ఓఎస్‌పీఎఫ్‌లో ఒక రౌటర్‌ని గుర్తుపట్టే నంబర్) మేం పెట్టలేదు, ఏ బాక్స్‌కి ఆ బాక్స్ తన ఇంటర్‌ఫేస్ నుంచి తీసుకుంది. దాంతో ఫెయిలోవర్ కాగానే కోర్‌కి ఎవరో కొత్త రౌటర్ వచ్చినట్టయింది. రెండోది, ఆ సెగ్మెంట్‌లో ఫైర్‌వాలే డీఆర్ (డిజిగ్నేటెడ్ రౌటర్, అక్కడి రౌటర్లకి పెద్ద). అది పోగానే కోర్ స్విచ్‌లు రెండూ కూడా మళ్లీ ఎన్నిక పెట్టుకున్నాయి. రెండు బాక్సుల్లోనూ క్లస్టర్ వర్చువల్ ఐపీనే (ఏ బాక్స్ యాక్టివ్‌గా ఉంటే దానికే చెందే అడ్రస్) రౌటర్ ఐడీగా పెట్టి, ఫైర్‌వాల్ ప్రయారిటీని 0 చేశాం. ఇక అది ఎప్పటికీ డీఆర్ కాదు.

అసలు మార్పు గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్‌తో వచ్చింది. ఓఎస్‌పీఎఫ్‌కి ఇది 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3623 అనే ప్రమాణంగా వచ్చింది. కొత్తగా యాక్టివ్ అయిన బాక్స్ హలో కంటే ముందే గ్రేస్ ఎల్‌ఎస్‌ఏ అనే సందేశం పంపుతుంది, ‘నేను లేచేదాకా నా రూట్లు ఉంచండి’ అని. పక్కవాళ్లు హెల్పర్‌గా మారి అడ్జసెన్సీని అలాగే పట్టుకుంటారు. ఫైర్‌వాల్‌లో మాత్రమే ఆన్ చేస్తే లాభం లేదు, కోర్ స్విచ్‌లలో హెల్పర్ కూడా ఉండాలి. దీనికీ హద్దుంది. ఒక జూలై వానలో రోడ్డు తవ్వకానికి బ్రాంచ్ ఫైబర్ తెగింది, సరిగ్గా అప్పుడే మా దగ్గర ఫెయిలోవర్. టోపాలజీ మారిందని హెల్పర్లు మధ్యలోనే వదిలేశాయి. నిబంధన ప్రకారం అవి చేసింది సరైనదే.

వేగం మోజులో బీఎఫ్‌డీ (లింక్ పోతే త్వరగా కనిపెట్టే ప్రోటోకాల్) కూడా పెట్టాం, 300 మిల్లీసెకన్లకొకటి, వరసగా మూడు పోతే లెక్క. అంటే 900 మిల్లీసెకన్లలో లింక్ పోయిందని తేల్చేస్తుంది. మా ఫెయిలోవర్‌కే రెండు సెకన్లు పడుతుంది. ఫలితంగా గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్‌కి అవకాశం దొరక్కముందే బీఎఫ్‌డీ అడ్జసెన్సీని కూల్చేసేది. కోర్ వైపు తీసేశాం. హలో 10 సెకన్లకొకటి, 40 సెకన్లు రాకపోతే నైబర్ పోయినట్టు (డెడ్), డిఫాల్ట్‌లోనే ఉంచాం. క్లస్టర్ ఉన్నచోట టైమర్లు తగ్గించడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

బీజీపీలో పీరింగ్ (ఐఎస్‌పీ రౌటర్‌తో కలపడం) వర్చువల్ ఐపీతోనే చేయాలి. ఫైర్‌వాల్ సొంతంగా పెట్టుకునే ఈ టీసీపీ సెషన్ (పోర్ట్ 179) కొత్త బాక్స్‌కి రాదు, మళ్లీ కట్టుకోవాల్సిందే. ఒక ఐఎస్‌పీ అడగ్గానే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ ఆన్ చేసింది. ఇంకోటి ఎన్ని మెయిల్స్ పెట్టినా చేయలేదు. బయటినుంచి వచ్చే ట్రాఫిక్‌కి దాన్ని బ్యాకప్‌గా పెట్టుకున్నాం.

ఫైర్‌వాల్ రూల్స్ మాట కూడా చెప్పాలి. ఓఎస్‌పీఎఫ్‌కి పోర్ట్ ఉండదు, అది ఐపీ ప్రోటోకాల్ 89. అది వాడే 224.0.0.5, 224.0.0.6 మల్టీకాస్ట్ (గుంపుకి పంపే) అడ్రస్‌లకి కూడా అనుమతి ఇవ్వాలి. ఒకసారి రూల్స్ సర్దుతూ ఫైర్‌వాల్‌కి వచ్చేదంతా డ్రాప్ చేసే రూల్‌ని ఓఎస్‌పీఎఫ్ రూల్ పైకి జరిపాం. పాలసీ ఇన్‌స్టాల్ చేసిన 40 సెకన్లకి నైబర్లన్నీ పోయాయి.

పాడైన బాక్స్ మార్చిన రాత్రి జూనియర్ కుర్రాడు స్క్రీన్ చూపించి, “అన్నా, ఎక్స్‌స్టార్ట్ దగ్గరే ఆగిపోయింది, పింగ్ మాత్రం వెళ్తోంది,” అన్నాడు.

“ఎంటీయూ చూడరా.”

ఎక్స్‌స్టార్ట్ అంటే ఫుల్‌కి ముందు వచ్చే ఒక దశ. ఎంటీయూ అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో. అది కోర్‌లో 9000, కొత్త బాక్స్‌లో 1500. అది సరిచేసిన కొన్ని సెకన్లకే ఫుల్ అయింది. ఇప్పుడు బాక్స్ మార్చితే మేం మొదట చూసేది అదే.

మొన్న వెర్షన్ అప్‌గ్రేడ్‌లో ఫెయిలోవర్ రెండుసార్లు చేశాం. మొదటిసారి రెండు పింగ్‌లు పోయాయి, రెండోసారి ఒకటి. ఐపీవీ6 మాత్రం ఇంకా స్టాటిక్ రూట్ల మీదే ఉంది. దానికి వాడే ఓఎస్‌పీఎఫ్‌వీ3ని ఇదే పద్ధతిలో ల్యాబ్‌లో పెట్టి, యాక్టివ్‌ని ఆపి చూస్తున్నాం.