కణజాలం గట్టిదనం లెక్కకట్టడానికి ఉన్న పద్ధతుల్లో ఏది మేలు?

ఎంఆర్ ఎలాస్టోగ్రఫీ గురించి తెలియని వాళ్ల కోసం ముందు ఒక్క ముక్క. పక్కటెముకల మీద చిన్న డ్రమ్ లాంటిది కట్టి సెకనుకు 60 సార్లు అదిరేలా చేస్తారు, ఆ అదురు కాలేయంలో అలల్లా పాకుతుంటే ఎంఆర్ఐ వాటిని పట్టుకుంటుంది. మెత్తని చోట అలలు దగ్గరగా, గట్టి చోట ఎడంగా కనిపిస్తాయి. 1995లో మేయో క్లినిక్ బృందం ప్రకటించిన పద్ధతి ఇది. స్కాన్ ఊపిరి బిగబట్టినంత సేపే, చిక్కంతా ఆ అలల నుంచి గట్టిదనం రాబట్టే లెక్కలో ఉంది. ఆ లెక్కకు ఇక్కడ మూడు దారులు చూద్దాం.

డైరెక్ట్ ఇన్వర్షన్ అయితే ప్రతి పిక్సెల్ దగ్గరా తరంగ సమీకరణాన్ని (అలలు ఎలా పాకుతాయో చెప్పే సూత్రాన్ని) నేరుగా తిరగేసి గట్టిదనం తీస్తుంది, సెకన్లలో బొమ్మ వస్తుంది. కానీ అందులో రెండోసారి డెరివేటివ్ (మార్పు రేటు) తీయాలి, దాంతో డేటాలో ఉన్న నాయిజ్ (కొలతలోని చిన్నచిన్న పొరపాట్లు) అంతా పెరుగుతుంది. పైగా చుట్టుపక్కల గట్టిదనం ఒకేలా ఉందని అనుకుంటుంది కాబట్టి, గడ్డ అంచు దగ్గరే, అంటే మనకు కావాల్సిన చోటే, తప్పుతుంది.

ఇటరేటివ్ పద్ధతి అలా కాదు. ముందు గట్టిదనం ఇంత అని ఊహించి, ఫైనైట్ ఎలిమెంట్ మోడల్‌లో (అవయవాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే కంప్యూటర్ నమూనాలో) అలలు పుట్టించి, కొలిచిన వాటితో పోల్చి, తేడా తగ్గేదాకా సరిచేస్తూ పోతుంది. నాయిజ్‌ను బాగా తట్టుకుంటుంది, అంచులూ మెరుగ్గా వస్తాయి, కాకపోతే నెమ్మది. ఇక్కడే అడ్జాయింట్ పద్ధతి నాకు ప్రాణం: తెలియని విలువలు (ఒక్కో చోటి గట్టిదనం) 10,000 ఉంటే, ఒక్కోదాన్ని కొంచెం కదిపి చూస్తూ గ్రేడియంట్ (ఏ విలువను ఎటు మారిస్తే తేడా తగ్గుతుందో ఆ లెక్క) తీయడానికి మోడల్‌ను 10,001 సార్లు నడపాలి, అడ్జాయింట్‌తో రెండుసార్లు చాలు (ఒకసారి ముందుకు, ఒకసారి తేడా నుంచి వెనక్కి), విలువలు లక్ష అయినా అంతే!

మూడోది న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్. శిక్షణ అయ్యాక చాలా వేగం. కానీ శిక్షణలో చూడని ఆకారం ఎదురైతే తప్పు బొమ్మనే శుభ్రంగా చూపిస్తుంది, చూసేవాళ్లకు అనుమానం కూడా రాదు.

కాలేయంలో ఫైబ్రోసిస్ (మచ్చకట్టి గట్టిపడటం) చూడటానికి డైరెక్ట్ ఇన్వర్షన్ చాలు, అక్కడ పెద్ద భాగం సగటు కదా కావాల్సింది. మెదడుకీ, రొమ్ములో చిన్న గడ్డలకీ మాత్రం అడ్జాయింట్‌తో ఇటరేటివ్ చేయడమే మేలు, ఆలస్యమైనా సరే. నెట్‌వర్క్ ఇచ్చిన బొమ్మను తుది జవాబుగా కాకుండా ఇటరేటివ్‌కు మొదటి ఊహగా ఇస్తే, కొలిచిన అలలతో దాన్ని సరిచూసే పని కూడా అక్కడే జరుగుతుంది.